నీళ్లలో కొద్దిపాటి సాల్వెంట్ ఉంటే ఏది పైకి వస్తుంది, ఏది అడుగున ఉండిపోతుంది? ముందే లెక్కకట్టడం ఎలా?

రికవరీ షిఫ్ట్ బి (పైడిభీమవరం)

అందరికీ నమస్కారం. పైడిభీమవరంలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో సాల్వెంట్ రికవరీ చూస్తాను. రెండు సందేహాలు చాలా కాలంగా నలుగుతున్నాయి. తెలిసినవాళ్లు చెబితే మేలు చేసినవారవుతారు.

మొదటిది. ఒక ప్రాడక్ట్ వర్కప్‌లో (రియాక్షన్ అయ్యాక శుద్ధి చేసే దశలో) వచ్చే నీటి లేయర్‌లో టోలీన్, మెథనాల్, ఎన్-బ్యూటనాల్, డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) నాలుగు సాల్వెంట్లూ ఉంటాయి. అన్నీ కలిపినా ఒక శాతం లోపే. దీన్ని ఎంఈఈకి (నీటిని ఆవిరిగా తీసేసే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌కి) పంపే ముందు స్టీమ్ స్ట్రిప్పర్‌లో, అంటే ఆవిరి పంపి సాల్వెంట్లను పైకి తీసేసే కాలమ్‌లో, వేస్తాం. మా దగ్గర అందరూ బాయిలింగ్ పాయింట్ల పట్టికే చూస్తారు. మెథనాల్ 65, నీళ్లు 100, టోలీన్ 111, బ్యూటనాల్ 118, డీఎంఎఫ్ 153. ఆ లెక్కన మెథనాల్ ఒక్కటే పైకి రావాలి. జరిగేది వేరు. స్ట్రిప్పర్ మొదలైన కాసేపటికే డికాంటర్‌లో (పైకి వచ్చింది చల్లబడి లేయర్లుగా విడిపోయే పాత్రలో) టోలీన్ లేయర్ తేలుతుంది. అడుగున మిగిలే బాటమ్స్ శాంపిల్‌లో టోలీన్ ఉండదు, బ్యూటనాల్ కూడా దాదాపు పోతుంది, మెథనాల్ మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

రెండోది. ఇంకో స్ట్రీమ్‌లో అసిటోన్, మెథనాల్ కలిసి వస్తాయి. ఎంత రిఫ్లక్స్ పెట్టినా (పైకి వచ్చిన ద్రవాన్ని ఎంత తిరిగి కాలమ్‌లోకి పంపినా) టాప్‌లో అసిటోన్‌తో పాటు మెథనాల్ వచ్చేస్తోంది. మూడో సాల్వెంట్ ఏదైనా వేసి విడదీయమంటున్నారు. పది రకాల డ్రమ్ములు తెప్పించి ఒక్కొక్కటీ వేసి చూసేంత టైమ్ లేదు. కాగితం మీదే ముందు వడపోసే దారి ఉందా?

థర్మో మాస్టారు (విజయనగరం)

బాబూ, మీ రెండు సందేహాలకీ మూలం ఒక్కటే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

బాయిలింగ్ పాయింట్ అనేది ఆ ద్రవం ఒక్కటే, స్వచ్ఛంగా ఉన్నప్పటి సంగతి. టోలీన్ 111 డిగ్రీల దగ్గర మరుగుతుందంటే, ఒక టోలీన్ అణువు తోటి టోలీన్ అణువులను విడిచి పైకి రావడానికి అంత వేడి కావాలని అర్థం. మీ స్ట్రిప్పర్‌లో తోటి టోలీన్ ఏదీ? లీటరు నీళ్లలో అర గ్రాము ఉందనుకుంటే ఒక్కో టోలీన్ అణువుకు పదివేల నీటి అణువులు ఉంటాయి. సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర జనంలో తప్పిపోయిన పొరుగూరి మనిషి పరిస్థితి దానిది. ఎటు తిరిగినా తెలియని ముఖాలే, తన ఊరివాడు ఒక్కడూ ఎదురుపడడు. ఈ స్థితినే అనంత విలీనత అంటారు. అందులో ఆ అణువుకు ఉండే యాక్టివిటీ కోఎఫిషియంట్‌ను గామా ఇన్ఫినిటీ అంటాం.

రౌల్ట్ నియమం ఇంటర్‌లో చదివే ఉంటారు. ద్రవంలో ఒక పదార్థం మోల్ భాగాన్ని దాని స్వచ్ఛమైన ఆవిరి పీడనంతో గుణిస్తే, మిశ్రమం మీద దాని ఆవిరి పీడనం వస్తుంది. అణువులన్నీ ఒకదానితో ఒకటి ఒకేలా ఉంటేనే అది సరిపోతుంది. అలా లేనప్పుడు ఆ లబ్ధాన్ని ఇంకో అంకెతో గుణించాలి. అదే గామా. గామా 1 కంటే ఎక్కువైతే ఆ పదార్థం అక్కడ ఇమడలేక పైకి పోవాలని చూస్తుంది. 1 కంటే తక్కువైతే చుట్టూ ఉన్నవి దాన్ని పట్టి ఉంచుతాయి.

ఇప్పుడు 25 డిగ్రీల దగ్గర మీ నాలుగు పదార్థాలు చూద్దాం. నీటి ఆవిరి పీడనం 24 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కన). టోలీన్‌ది 28. రెండూ దగ్గర దగ్గరే. కానీ నీళ్లలో టోలీన్ గామా దాదాపు పదివేలు! పదివేలను 28తో గుణించి 24తో భాగించండి, పదకొండు వేల పైన వస్తుంది. అంటే ఆ నీళ్లలోంచి ఆవిరిలోకి వెళ్లడంలో టోలీన్ నీటి కంటే పదకొండు వేల రెట్లు చురుకు. మెథనాల్ ఆవిరి పీడనం 127, గామా మాత్రం 1.6 చుట్టూ ఉంటుంది. దాని చురుకు ఎనిమిదిన్నర రెట్లే. బ్యూటనాల్ ఆవిరి పీడనం 7 కూడా లేదు, కానీ గామా 50 చుట్టూ ఉంది కాబట్టి 14 రెట్లు వస్తుంది. 118 దగ్గర మరిగే బ్యూటనాల్, 65 దగ్గర మరిగే మెథనాల్ కంటే సులువుగా నీటిని వదిలిపోతుందన్నమాట. డీఎంఎఫ్ ఆవిరి పీడనం 4 మిల్లీమీటర్ల చుట్టూ, గామా 1ని దాటదు. దాని చురుకు నీటిలో ఐదో వంతు కూడా కాదు. అది బాటమ్స్‌లోనే ఉంటుంది.

స్ట్రిప్పర్ నడిచే 100 డిగ్రీల దగ్గర ఈ అంకెలు మారతాయి, వరుస మారదు. మీరు డికాంటర్‌లో చూసింది సరిగ్గా ఇదే.

రికవరీ షిఫ్ట్ బి (పైడిభీమవరం)

మాస్టారూ, ఇన్నేళ్లలో ఎవరూ ఇలా చెప్పలేదు. ధన్యవాదాలు. మరి ఈ పదివేలు, 50, 1.6 అనే అంకెలు ఎక్కడ దొరుకుతాయి? మాకు ప్రతి నెలా కొత్త ప్రాడక్ట్, కొత్త సాల్వెంట్.

క్యూసీ అక్క (రణస్థలం)

తమ్ముడూ, టోలీన్ లాంటి వాటికి నువ్వే వేసుకోవచ్చు. నీళ్లలో సరిగా కలవని ద్రవం ఏదైనా సరే, అది ఎంత కరుగుతుందో తెలిస్తే చాలు. టోలీన్ లీటరు నీళ్లలో 0.52 గ్రాములు కరుగుతుంది. దాని అణుభారం 92తో భాగిస్తే మోల్స్, దాన్ని లీటరు నీటిలోని 55.5 మోల్స్‌తో భాగిస్తే మోల్ భాగం 0.0001. తిరగేస్తే 9,800. అదే గామా.

ఇలా ఎందుకు వస్తుందంటే, కరిగినంత కరిగాక పైన మిగిలిన టోలీన్ లేయర్ దాదాపు స్వచ్ఛమైనదే. రెండు లేయర్లూ సమతుల్యంలో ఉన్నాయి కాబట్టి నీటిలోని మోల్ భాగం, గామా కలిసి 1కి సమానం కావాలి. డీసీఎం (డైక్లోరోమీథేన్), క్లోరోఫామ్, హెక్సేన్ అన్నిటికీ ఇది పనికొస్తుంది. బ్యూటనాల్‌కి మాత్రం వాడకు. దాని లేయర్‌లోకి నీళ్లు చాలా చేరతాయి కాబట్టి ఆ లేయర్ స్వచ్ఛం అనుకోవడం కుదరదు. పూర్తిగా కలిసిపోయే మెథనాల్, అసిటోన్‌లకి ఈ దారే లేదు.

తవుడు నూనె (బొబ్బిలి)

మేం తవుడు నుంచి హెక్సేన్‌తో నూనె తీస్తాం. అక్క చెప్పిన లెక్క హెక్సేన్‌కి వేసి చూశాను. లీటరుకి 10 మిల్లీగ్రాములు కరుగుతుందనుకుంటే గామా 4,80,000 దాకా వచ్చింది. హెక్సేన్ లాస్ ఎక్కువైనప్పుడల్లా నీటిలో కలిసి పోతోందని కొందరు అంటుంటారు. లేయర్ సరిగా విడిపోతే నీళ్లతో పోయేది లెక్కలోకి రాదని దీన్ని బట్టి అర్థమైంది. లాస్ వెతకాల్సింది మీల్‌లో (నూనె తీశాక మిగిలే తవుడులో), వెంట్‌లో.

థర్మో మాస్టారు (విజయనగరం)

సరిగ్గా చెప్పారు. అయితే సెపరేటర్ దగ్గర చిక్కటి నురగలాంటి ఎమల్షన్ లేయర్ ఏర్పడితే అందులో హెక్సేన్ కరగకుండానే చిన్న చిన్న బొట్లుగా చిక్కుకుని నీటితో వెళ్లిపోతుంది. దానికి గామా లెక్క వర్తించదు. అది సెటిలింగ్ సమస్య.

పర్చేజ్ డెస్క్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను ఇంజినీర్‌ను కాదు, కొనుగోళ్లు చూస్తాను. ఒక మాట సూటిగా అడుగుతాను. లెక్కలు ఎన్ని వేసినా చివరికి ల్యాబ్‌లో ఫ్లాస్కు పెట్టి చూడక తప్పదు కదా? లెక్క ఒకటి చెప్పి ప్లాంట్‌లో ఇంకోటి జరిగితే కొన్న డ్రమ్ములు ఎవరు తీసుకుంటారు? అలాంటప్పుడు నేరుగా ట్రయల్‌కే పోవడం మేలు కదా.

థర్మో మాస్టారు (విజయనగరం)

అడగాల్సిన ప్రశ్నే అడిగారండీ. ల్యాబ్‌లో చూడొద్దని ఎవరూ అనరు. ఏ లెక్క మీద ఎంత బరువు పెట్టవచ్చో తెలుసుకుంటే ఏ ట్రయల్ అవసరమో, ఏది అక్కర్లేదో తెలుస్తుంది.

టోలీన్ సంగతే తీసుకోండి. ఎవరో అంచనా వేసి గామా పదివేలు బదులు ఆరువేలు అన్నారనుకుందాం. నలభై శాతం తేడా. అయినా స్ట్రిప్పర్‌లో టోలీన్ మొదటి ప్లేట్లలోనే పోతుంది. డిజైన్ మారదు. అక్కడ ట్రయల్ పెట్టడం దండగ.

ఇప్పుడు ఈ బాబు అడిగిన అసిటోన్, మెథనాల్ చూడండి. 55 డిగ్రీల దగ్గర అసిటోన్ ఆవిరి పీడనం సుమారు 730, మెథనాల్‌ది 515 మిల్లీమీటర్లు. టాప్‌లో దాదాపు అంతా అసిటోనే, మెథనాల్ కొద్దిగా మిగిలింది. ఆ కొద్ది మెథనాల్ కిందికి దిగాలంటే దాని గామాను 515తో గుణిస్తే 730 కంటే తక్కువ రావాలి. అంటే గామా 1.42 లోపు ఉండాలి. అసలు విలువ 1.8 చుట్టూ ఉంటుంది. గుణిస్తే 927. అందుకే మెథనాల్ కిందికి దిగకుండా పైకే వస్తుంది. రెండో చివర చూసినా, మెథనాల్‌లో కొద్దిగా ఉన్న అసిటోన్ కూడా పైకే వస్తుంది. రెండు చివరలా కొద్దిగా ఉన్నదే పైకి వస్తుంటే మధ్యలో ఎక్కడో అజియోట్రోప్, అంటే ద్రవంలోనూ ఆవిరిలోనూ ఒకే పాళ్లు ఉండి ఇక విడిపోని చోటు, ఉండి తీరాలి. అది 55.5 డిగ్రీల దగ్గర, మోల్ లెక్కన నూటికి ఎనభై పాళ్ల అసిటోన్ దగ్గర ఉంది. అసిటోన్ స్వయంగా మరిగేది 56 దగ్గర. కాలమ్‌కి రిఫ్లక్స్ ఎంత పెంచినా ఆ గోడ దాటదు.

ఇక్కడ అంచనా 1.8కి బదులు 1.4 చెప్పిందనుకోండి. తేడా పాతిక శాతం కూడా లేదు. కానీ అప్పుడు లెక్క అజియోట్రోపే లేదంటుంది! టోలీన్ దగ్గర నలభై శాతం తప్పు భరించాం, ఇక్కడ పాతిక శాతం తప్పు ప్రాజెక్టునే ముంచుతుంది. తులనాత్మక బాష్పశీలత (ఆవిరి కావడంలో ఒకదాని చురుకు రెండోదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1కి దూరంగా ఉంటే లెక్క చాలు. 1కి దగ్గరగా ఉంటే కొలిచి తీరాలి. డ్రమ్ములు కొనేముందు మీరు ఇంజినీర్లను అడగాల్సింది ఇదే: మీ అంకె 1కి ఎంత దూరంలో ఉంది?

పర్చేజ్ డెస్క్ (శ్రీకాకుళం)

ఇది అర్థమైందండీ. ఇకమీదట ఇండెంట్ వచ్చినప్పుడు ఈ ప్రశ్న అడుగుతాను.

ఎచ్చెర్ల రీసెర్చ్ (శ్రీకాకుళం)

మాస్టారి తర్వాత రాయడానికి కొంచెం భయంగానే ఉంది గానీ, అంచనా పద్ధతుల గురించి నాకు తెలిసింది చెబుతాను. నా పరిశోధన దీనికి దగ్గరగానే ఉంది.

అన్నిటికంటే పాతది, సులువైనది హిల్డెబ్రాండ్ సాల్యుబిలిటీ పారామీటర్. ఒక ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో చెప్పే అంకె. హెక్సేన్‌కి 14.9, టోలీన్‌కి 18.2, నీటికి 47.8. రెండు అంకెల తేడాను వర్గం చేసి అణువు ఘనపరిమాణంతో గుణిస్తే గామా లాగరిథం వైపు దారి దొరుకుతుంది. హెక్సేన్‌లో టోలీన్‌కి 25 డిగ్రీల దగ్గర ఇది 1.6 ఇస్తుంది. హైడ్రోకార్బన్ల మధ్య ఫర్వాలేదు. కానీ వర్గం ఎప్పుడూ రుణసంఖ్య కాదు కదా, అందువల్ల ఈ సూత్రం గామా 1 కంటే తక్కువని ఎన్నడూ చెప్పలేదు. క్లోరోఫామ్, అసిటోన్ కలిపి చూడండి. క్లోరోఫామ్ 61 దగ్గర, అసిటోన్ 56 దగ్గర మరిగినా వాటి అజియోట్రోప్ 64 దాటాకే మరుగుతుంది. క్లోరోఫామ్‌లోని హైడ్రోజన్‌ను అసిటోన్ ఆక్సిజన్ పట్టేస్తుంది కాబట్టి రెండూ ఒకదాన్నొకటి వదలవు. హిల్డెబ్రాండ్ సూత్రానికి ఇది కనిపించదు. హాన్సెన్ 1967లో ఆ ఒక్క అంకెనే మూడుగా విడగొట్టాడు. పెయింట్లు, పాలిమర్ల వాళ్లకి అది ఇప్పటికీ ప్రాణం. గామా కావాలంటే మాత్రం అది చాలదు.

హైడ్రోజన్ బంధంలో ఇచ్చే గుణం, పుచ్చుకునే గుణం వేరువేరుగా లెక్కపెట్టి, అనంత విలీనత కోసమే తయారైన పద్ధతి మోస్‌సెడ్. థామస్, ఎకర్ట్ 1984లో ప్రచురించారు, 2005లో సవరణ వచ్చింది. పారామీటర్లు ఉన్న సాల్వెంట్లకి బాగా పనిచేస్తుంది. లేని వాటికి మనం చేయగలిగింది తక్కువ.

ప్లాంట్లలో సిమ్యులేటర్ నొక్కితే వచ్చేది ఎక్కువగా యూనిఫాక్. 1975లో ఫ్రెడెన్‌స్లుండ్, జోన్స్, ప్రాస్నిట్జ్ చేశారు. అణువును ముక్కలుగా చూస్తుంది. బ్యూటనాల్ అంటే ఒక సీహెచ్3, మూడు సీహెచ్2, ఒక ఓహెచ్. ముక్కల మధ్య బలాలు ముందే పట్టికలో ఉంటాయి కాబట్టి ఎవరూ కొలవని మిశ్రమానికి కూడా జవాబు ఇస్తుంది. చాలా గొప్ప ఆలోచన. కానీ మూడు చోట్ల జాగ్రత్త. ఆర్థో జైలీన్, పారా జైలీన్ దానికి ఒకటే, ఎందుకంటే ముక్కలు అవే. ఒకే కార్బన్ పక్కన రెండు మూడు పోలార్ గ్రూపులు దగ్గరగా ఉంటే వాటి ప్రభావం దానికి తెలియదు. మూడోది మన ప్రశ్నకి ముఖ్యం: మొదటి యూనిఫాక్ పట్టికలు మామూలు గాఢత దగ్గర తీసిన డేటాతో కట్టినవి. నీళ్లలో హైడ్రోకార్బన్ లాంటి వాటికి అనంత విలీనత దగ్గర అది చాలా దూరం తప్పుతుంది. 1987లో వైడ్‌లిక్, గ్మేలింగ్ మొదలుపెట్టిన డార్ట్‌మండ్ యూనిఫాక్‌లో గామా ఇన్ఫినిటీ డేటాను కూడా కలిపి కట్టారు. సిమ్యులేటర్‌లో రెండూ ఉంటే తప్పకుండా డార్ట్‌మండ్ ఎంచుకోండి.

రికవరీ షిఫ్ట్ బి (పైడిభీమవరం)

సార్, మా ఇంటర్మీడియట్లలో సగం వాటికి యూనిఫాక్ "గ్రూప్ పారామీటర్ లేదు" అని ఆగిపోతుంది. అప్పుడేం చేయాలి?

ఎచ్చెర్ల రీసెర్చ్ (శ్రీకాకుళం)

అక్కడే కోస్మో-ఆర్ఎస్ పనికొస్తుంది. ఆండ్రియాస్ క్లాంట్ 1995లో ప్రతిపాదించాడు. క్వాంటమ్ లెక్కతో అణువును ఒక ఆదర్శ వాహకంలో పెట్టినట్టు ఊహించి, దాని ఉపరితలం మీద ఎక్కడ ఎంత ఛార్జ్ పేరుకుందో చూస్తారు. ద్రవంలో ఒక అణువు ఉపరితల ముక్క ఇంకో అణువు ముక్కను తాకినప్పుడు ఆ ఛార్జ్‌లు సరిపోతాయా లేదా అన్నదే మిగతా లెక్కంతా. గ్రూప్ పట్టిక అక్కర్లేదు, కాబట్టి కొత్త డ్రగ్ అణువుకైనా జవాబు వస్తుంది. 2002లో లిన్, శాండ్లర్ చేసిన కోస్మో-శాక్ కూడా ఇదే దారి. దాని ఓపెన్ సోర్స్ కోడ్ 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ శాస్త్రవేత్తల చేతుల మీదుగా వచ్చింది, డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు.

ఒక హెచ్చరిక. పెద్ద అణువు అటూ ఇటూ మెలితిరుగుతుంది. తనలో తానే హైడ్రోజన్ బంధం వేసుకున్న ఆకారంతో లెక్క వేస్తే నీళ్లలో గామా ఒక రకంగా, విప్పుకున్న ఆకారంతో వేస్తే ఇంకో రకంగా వస్తుంది. ఒక్క ఆకారంతో సరిపెట్టకుండా కొన్ని ఆకారాలు కలిపి వేయాలి.

ఇక ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ వచ్చింది. అడ్డం వరుసల్లో కరిగే పదార్థాలు, నిలువు వరుసల్లో సాల్వెంట్లు పెట్టి పట్టిక గీస్తే కొలిచిన గళ్లు కొన్నే, మిగతావి ఖాళీ. 2020లో జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ నుంచి యిరాసెక్ బృందం ఆ ఖాళీలను మ్యాట్రిక్స్ కంప్లీషన్‌తో నింపి చూపించింది. సినిమాలు సూచించే యాప్‌ల వెనక ఉన్న గణితమే అది. డార్ట్‌మండ్ యూనిఫాక్‌ను మించిన ఫలితాలు వచ్చాయి. అయితే పట్టికలో అడుగైనా పెట్టని కొత్త అణువు గురించి ఆ పద్ధతి ఏమీ చెప్పలేదు. అణువు నిర్మాణాన్నే అక్షరాల వరుసగా చదివి చెప్పే మోడళ్లు 2022 నుంచి వస్తున్నాయి. నాకు వీటి మీద చాలా ఆశ ఉంది. అయినా ప్లాంట్ నిర్ణయానికి ఒక్క మోడల్ మాట నమ్మకండి. కోస్మో, యూనిఫాక్ రెండూ వేసి చూడండి. రెండూ దగ్గరగా వస్తే ధైర్యం. విడిపోతే ఆ జంటనే ల్యాబ్‌కి పంపండి.

ఈటీపీ చిన్నోడు (రణస్థలం)

మా ఈటీపీకి (వ్యర్థజల శుద్ధి ప్లాంట్‌కి) వచ్చే నీటిలో సోడియం క్లోరైడ్ ఏడెనిమిది శాతం ఉంటుంది. ఈ లెక్కల్లో ఉప్పు ఎక్కడా కనిపించలేదు. తేడా ఏమైనా వస్తుందా మాస్టారూ?

థర్మో మాస్టారు (విజయనగరం)

వస్తుంది బాబూ, అది మీకు మేలే చేస్తుంది. ఉప్పు అయాన్లు నీటి అణువులను తమ చుట్టూ కట్టేసుకుంటాయి కాబట్టి టోలీన్, బ్యూటనాల్ లాంటి వాటికి చోటు ఇంకా తగ్గుతుంది, గామా పెరుగుతుంది. సెచెనోవ్ 1889లోనే దీనికి సూత్రం ఇచ్చాడు: గామా లాగరిథం ఉప్పు గాఢతతో పాటు సరళరేఖలో పెరుగుతుంది. మామూలు యూనిఫాక్‌లో అయాన్లు లేవు. సిమ్యులేటర్ మీకు మంచినీటి జవాబే ఇస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో పనిచేసేది మెథనాల్. నీటిలో మెథనాల్ అర శాతమైతే పట్టించుకోనక్కర్లేదు. అదే ఇరవై శాతం ఉందనుకోండి, టోలీన్‌కి ఆ ద్రవం మునుపటంత పరాయిది కాదు, గామా బాగా పడిపోతుంది. స్ట్రిప్పర్ ఫీడ్‌లోకి ఎవరైనా మెథనాల్ వాష్ తెచ్చి కలిపిన రోజున టోలీన్ కరుగుదల పెరిగి, లేయర్ కనిపించకుండా పోయేది అందుకే. "అనంత విలీనత" అంటున్నప్పుడు టోలీన్ కొద్దిగా ఉంటే చాలదు, మిగతాదంతా నిజంగా నీరేనా అన్నది కూడా చూడాలి.

రికవరీ షిఫ్ట్ బి (పైడిభీమవరం)

మెథనాల్ వాష్ సంగతి మా దగ్గర జరిగిందే మాస్టారూ. కారణం ఇప్పుడు తెలిసింది.

అసిటోన్, మెథనాల్ మాటకొస్తాను. మా షార్ట్ లిస్టులో నీళ్లు, టోలీన్, క్లోరోబెంజీన్, డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) ఉన్నాయి. ఎలా వడపోయాలి?

థర్మో మాస్టారు (విజయనగరం)

నాలుగింటికీ అడగాల్సింది ఒకటే. ఈ సాల్వెంట్ నిండా ఉన్నప్పుడు అందులో కొద్దిగా ఉన్న అసిటోన్ గామా ఎంత, మెథనాల్ గామా ఎంత? వాటి నిష్పత్తే సెలెక్టివిటీ.

నీళ్లు. అసిటోన్ గామా 7 చుట్టూ, మెథనాల్‌ది 1.6 చుట్టూ. ఆవిరి పీడనాలు 231, 127. అసిటోన్ 7 ఇంటూ 231, మెథనాల్ 1.6 ఇంటూ 127. భాగిస్తే దాదాపు 8 రెట్లు అసిటోన్ వైపు. ఏమీ వేయనప్పుడు అజియోట్రోప్ దగ్గర ఇది సరిగ్గా 1. కాలమ్ లోపల ద్రవమంతా నీళ్లే కావు కాబట్టి 8 రాదు, కానీ దిశ ఖాయం. అసిటోన్ టాప్, మెథనాల్ నీళ్లతో పాటు కిందికి. మెథనాల్, నీళ్ల మధ్య అజియోట్రోప్ లేదు కాబట్టి రెండో కాలమ్ సాఫీగా నడుస్తుంది. ఒక ఇబ్బంది: స్వచ్ఛమైన అసిటోన్ చివర అసిటోన్, నీళ్లు చాలా దగ్గరగా నడుస్తాయి. తేమ లేని అసిటోన్ కావాలంటే నీళ్ల ఫీడ్‌కు పైన ప్లేట్లు, రిఫ్లక్స్ గట్టిగా కావాలి.

డీఎంఎస్ఓ కూడా అదే దిశ. మెథనాల్‌ను హైడ్రోజన్ బంధంతో గట్టిగా పట్టుకుంటుంది. 189 దగ్గర మరుగుతుంది కాబట్టి టాప్‌లోకి రాదు. తేమ గొడవ లేదు. కానీ రీబాయిలర్ వేడి ఎక్కువ కావాలి కాబట్టి రెండో కాలమ్ వాక్యూమ్‌లో నడపాలి. పైగా అది 18.5 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. జనవరి తెల్లవారుజామున మీ ప్రాంతంలో లైన్‌లను వెచ్చగా ఉంచే ట్రేసింగ్ లేకపోతే తంటా.

క్లోరోబెంజీన్ ఎదురు దిశ. అందులో మెథనాల్ ఇమడదు, గామా బాగా ఎక్కువ. అసిటోన్‌కి అంత పేచీ లేదు. మెథనాల్ టాప్‌కి వస్తుంది. టోలీన్ కూడా అదే గుణం చూపిస్తుంది గానీ మెథనాల్‌తో తనే 64 డిగ్రీల లోపు అజియోట్రోప్ కడుతుంది. ఒక ముడి విప్పబోయి ఇంకో ముడి వేసుకోవడమే. టోలీన్‌ను కొట్టేయండి.

క్యూసీ అక్క (రణస్థలం)

మాస్టారూ, నా వైపు నుంచి ఒకటి చేరుస్తాను. రికవరీ చేసిన అసిటోన్ మళ్లీ ఏపీఐ (అసలు మందు పదార్థం) స్టేజ్‌లోకే వెళ్తే ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ మండలి) అవశేష సాల్వెంట్ల పరిమితులు చూడాలి. క్లోరోబెంజీన్ రెండో తరగతి, 360 పీపీఎం. మెథనాల్ కూడా రెండో తరగతే, 3,000 పీపీఎం. అసిటోన్, డీఎంఎస్ఓ మూడో తరగతి. నీళ్లతో పని జరిగేటప్పుడు క్లోరోబెంజీన్‌ను కొత్తగా ప్లాంట్‌లోకి తేవడం నాకు ఇష్టం లేదు. ప్రతి బ్యాచ్‌కి ఇంకో పీక్ వెతకాల్సి వస్తుంది.

రికవరీ షిఫ్ట్ బి (పైడిభీమవరం)

అయితే నీళ్లు, డీఎంఎస్ఓ మిగిలాయి. వీటికి గామా కొలవాలంటే ప్రత్యేకమైన సెటప్ కావాలా అక్కా?

క్యూసీ అక్క (రణస్థలం)

అక్కర్లేదు. హెడ్‌స్పేస్ జీసీ (ద్రవం పైనున్న ఆవిరిని కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్) ఉంటే చాలు. ఒక వయల్‌లో స్వచ్ఛమైన మెథనాల్, ఇంకో వయల్‌లో నీళ్లలో మోల్ భాగం 0.005 దగ్గర మెథనాల్. రెండూ ఒకే టెంపరేచర్‌లో, సమతుల్యం వచ్చేదాకా ఉంచాలి. పైనున్న ఆవిరి ఇంజెక్ట్ చేసి పీక్ ఏరియాలు తీసుకో. రెండో ఏరియాను మొదటి దానితో భాగించి, మళ్లీ 0.005తో భాగిస్తే గామా వచ్చేస్తుంది. అసిటోన్‌కి, డీఎంఎస్ఓకి కూడా ఇంతే.

జాగ్రత్తలు చెబుతాను. స్వచ్ఛమైన వయల్ నుంచి వచ్చే ఆవిరి చాలా ఎక్కువ, డిటెక్టర్ లీనియర్ పరిధి దాటిపోతుంది. లోపలికి వెళ్లే ఆవిరి తగ్గేలా చిన్న లూప్ పెట్టు, స్ప్లిట్ పెంచు, రెండు రన్‌లకీ అదే ఉంచు. వయల్ నిండా ద్రవం ఎక్కువగా, పైన ఖాళీ తక్కువగా ఉండాలి. లేదంటే నీళ్లలోని అసిటోన్‌లో కొంత ఖాళీలోకి వెళ్లిపోయి ద్రవంలో అనుకున్న గాఢత ఉండదు. గామా ఎంత పెద్దదైతే ఈ తేడా అంత పెద్దది, టోలీన్‌కి అసలు ఇలా కొలవకు. ఒకే గాఢతతో ఆగకుండా సగం, పావు గాఢతలతో కూడా చెయ్యి. మూడూ ఒకే గామా ఇస్తే నువ్వు నిజంగా అనంత విలీనతలో ఉన్నట్టు.

ఎచ్చెర్ల రీసెర్చ్ (శ్రీకాకుళం)

అక్క చెప్పిన చివరి మాట ఆల్కహాల్‌కి మరీ ముఖ్యం. హెక్సేన్, టోలీన్ లాంటి వాటిలో మెథనాల్ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు కడతాయి. పలచన చేసేకొద్దీ ఆ గొలుసులు తెగి, గామా చివర్లో నిటారుగా పెరుగుతుంది. ఐదు శాతం దగ్గర కొలిచి గీత పొడిగిస్తే అసలు విలువకి చాలా కిందే ఆగిపోతారు.

ల్యాబ్‌లో జీసీకి నైట్రోజన్ లైన్ ఉంటే ఇంకో మంచి పద్ధతి ఉంది. 1977లో ఫ్రాన్స్‌లో లెరువా బృందం ప్రచురించింది. సాల్వెంట్‌లో కొద్దిగా పదార్థం వేసి, నైట్రోజన్‌ను సన్నని బుడగలుగా స్థిరంగా పంపుతూ, బయటికి వచ్చే గ్యాస్‌ను వరుసగా ఇంజెక్ట్ చేస్తారు. పీక్ తగ్గుతూ పోతుంది. ఏరియా లాగరిథాన్ని టైమ్‌తో గీస్తే సరళరేఖ. దాని వాలు నుంచే గామా. కాలిబ్రేషన్ అక్కర్లేదు, జీసీ నుంచి ఏరియా తగ్గే వేగం ఒక్కటే కావాలి. డీఎంఎస్ఓ లాంటి ఆవిరి కాని సాల్వెంట్‌కి ఇది సరిగ్గా సరిపోతుంది.

రికవరీ షిఫ్ట్ బి (పైడిభీమవరం)

అందరికీ చాలా థాంక్స్. నీళ్లు, డీఎంఎస్ఓ రెండింటిలో అసిటోన్, మెథనాల్ గామాలు హెడ్‌స్పేస్‌తో కొలవడానికి మా ల్యాబ్ ఒప్పుకుంది. ఇంకొక్క చిన్న సందేహం. స్ట్రిప్పర్ బాటమ్స్ దగ్గర చేపల వాసన వస్తోంది. డీఎంఎఫ్ కిందే ఉంటుందన్నారు కదా, మరి అది ఏమిటి?

ఈటీపీ చిన్నోడు (రణస్థలం)

అది డైమిథైల్ అమీన్ అన్నా. ఫీడ్ పీహెచ్ ఎక్కువగా ఉండి వేడి తగిలితే డీఎంఎఫ్ విడిపోయి డైమిథైల్ అమీన్, ఫార్మేట్ అవుతాయి. స్ట్రిప్పర్‌కి వచ్చే ముందు పీహెచ్ తగ్గించి తటస్థానికి తీసుకురండి. లేకపోతే ఆ నైట్రోజన్ అంతా మా దగ్గర బయో ట్రీట్‌మెంట్‌లో తేలుతుంది.

థర్మో మాస్టారు (విజయనగరం)

బాబూ, ల్యాబ్‌వాళ్లు వయల్స్ పెడుతున్నప్పుడే ఇంకో రెండు చేయించండి: అసిటోన్‌లో కొద్దిగా మెథనాల్, మెథనాల్‌లో కొద్దిగా అసిటోన్. 55 డిగ్రీల దగ్గరే చేయమనండి, 25 దగ్గర వద్దు. ఆ రెండు గామాలు ఉంటే, పాళ్లను బట్టి గామా ఎలా మారుతుందో చెప్పే విల్సన్ సమీకరణంలోని రెండు పారామీటర్లూ వచ్చేస్తాయి, కాలమ్ మొత్తానికి సరిపోతాయి. నీళ్లతో కలిసిన జంటలకి కూడా అలాగే చేద్దాం. అక్కడ లేయర్లు విడిపోయే జంటలు లేవు కాబట్టి విల్సన్‌తో ఇబ్బంది రాదు. బ్యూటనాల్, నీళ్ల డికాంటర్‌కి మాత్రం విల్సన్ వాడకండి, రెండు లేయర్లను అది చూపలేదు. అక్కడ అలాంటిదే ఇంకో సమీకరణం, ఎన్ఆర్‌టీఎల్ పెట్టండి.

అంకెలు రాగానే టెంపరేచర్‌తో సహా ఇక్కడే పెట్టండి. పారామీటర్లు నేను వేసి పంపుతాను.